పుట్టలో గుడ్లు, పెట్టెలో గుడ్లు



సండూరు తాలూకాలో, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఊరు కూరెకుప్ప. ఇటు ఇనుప ఖనిజం లారీలు, అటు సండూరు కొండలు, మధ్యలో కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుకునే జనం. ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ పెరుగుతూనే ఉన్నాయి. చేను ప్లాటవుతుంది, ప్లాటు ఇల్లవుతుంది. గట్టు మీదున్న పాత పుట్టకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఒక రోజు జేసీబీ వస్తుంది. తొట్టి ఒక్కసారి లేచేసరికి మట్టితో పాటు తెల్లగా, పొడుగ్గా, ఒకదానికొకటి అంటుకుపోయిన గుడ్ల గుత్తి బయట పడుతుంది.

అక్కడ చేరిన మనుషుల్లో మూడు రకాలుంటారు. ఒకాయన, కాలితో తొక్కి పారేయండయ్యా అంటాడు. ఒక పెద్దమ్మ, ముట్టుకోకండి నాయనా, నాగమ్మ సంతానం, పసుపు కుంకుమ తెస్తానుండండి అంటుంది. మూడోవాడు కుర్రాడు. చేతిలో ఫోనుంటుంది. విదేశాల్లో ఇళ్ళలో పాము గుడ్లు పొదిగించే వీడియోలు చూసి ఉంటాడు. ఇంటికి తీసుకెళ్ళి నేను పొదిగిస్తానన్నా అంటాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ముఖ్యంగా ఆ కుర్రాడితో.

తమ్ముడూ, ముందు చట్టం సంగతి విను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీ పట్టుకుని అడవికి పోవడం ఒక్కటే కాదు. పక్షుల గుడ్లు, పాముల గుడ్లు పాడు చేసినా, వాటి గూడు కదిలించినా వేట కిందికే వస్తుంది. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు నాగుపామునూ జెర్రిపోతునూ మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలు అదే. కాబట్టి తొక్కమన్నవాడు చెప్పిందీ నేరమే, ఎవరికీ చెప్పకుండా నువ్వు ఇంటికి పట్టుకెళ్ళినా నేరమే. మన నేల మీది ఏ పామునూ సొంతానికి పెంచుకునే హక్కు ఎవరికీ లేదు. కర్ణాటకలో అటవీశాఖ సహాయవాణి నంబరు 1926. జేసీబీ ఆపించి, ఆ నంబరుకు ఫోను చెయ్యి. వాళ్ళొచ్చి గుడ్లు తీసుకుపోవచ్చు, లేదా శిక్షణ ఉన్న పాముల రక్షకుడికి అప్పగించి, నీ సాయం తీసుకోమనవచ్చు. ఆ అప్పగింత ఉంటేనే నేను ఇకమీదట చెప్పేది నీకు పనికొస్తుంది.

వాళ్ళొచ్చే లోపల గుంటలో చెయ్యి పెట్టకు. మన పాముల్లో చాలావాటికి గుడ్లు పెట్టాక వాటితో పని ఉండదు. నాగుపాము అలా కాదు. ఆడది గుడ్ల దగ్గరే, అదే పుట్టలోనో పక్క బొరియలోనో కాపలా ఉంటుంది. కట్లపాము కూడా గుడ్లను చుట్టుకుని ఉండడం చూసినవాళ్ళున్నారు. గుడ్లు బయట పడ్డాయంటే తల్లి ఆ మట్టిలోనే ఉందని లెక్క వేసుకోవాలి. తల్లి తప్పుకుపోతే మాత్రం మళ్ళీ నీ ఇల్లు వెతుక్కుంటూ రాదు. గుడ్లు తీసినవాడి మీద పాము పగబడుతుందన్న మాట మన సినిమాలకు బాగా అచ్చొచ్చింది గానీ, మొహం గుర్తు పెట్టుకుని పగ తీర్చుకునేంత సరుకు పాము మెదడులో లేదు.

ఇంతకీ ఆ గుడ్లు ఎవరివి? పుట్టలో ఉన్నాయి గనక పామువే అనుకోనక్కర్లేదు. ఉడుము కూడా పుట్ట తవ్వి గుడ్లు పెడుతుంది. కుండీలో, తడి మట్టిలో కనిపించే చిన్న తెల్ల గుడ్లు చాలాసార్లు తొండవే. గోడ సందుల్లో దొరికే గుండ్రటి, గట్టి పెంకు గుడ్లు బల్లివి. పాము గుడ్డు పెంకు పగిలేది కాదు, వంగేది. నొక్కితే తోలులా ఉంటుంది. పెట్టేటప్పుడు జిగటగా ఉండడం వల్ల ఆరేసరికి గుత్తిగా అతుక్కుపోతాయి. నాగుపాము ఒక కాన్పులో 12 నుంచి 30 దాకా పెడుతుంది. మన దగ్గర దాని కాలం ఏప్రిల్ నుంచి జూలై. రక్తపింజరి గుడ్లు దొరికాయని ఎవరైనా చెబితే నమ్మకు. పింజరి గుడ్లు బయట పెట్టదు, పిల్లల్నే కంటుంది. రెండుతలల పాము అనే ఇసుక పామూ అంతే, పచ్చటి పసిరిక పామూ అంతే. ఇక జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది, రెండూ జతకడతాయనే మాట బళ్ళారి నుంచి శ్రీకాకుళం దాకా వినిపిస్తుంది. జెర్రిపోతుల్లో ఆడవి వేరే ఉన్నాయి, వాటి గుడ్లు అవి పెట్టుకుంటాయి.

ఎవరి అనుమతీ లేకుండా మన ఇళ్ళలోనే గుడ్లు పెట్టుకునే పాము ఒకటుంది. వానపాము లాగా నల్లగా మెరిసే గుడ్డిపాము. ఈ జాతిలో మగవే లేవు. అన్నీ ఆడవే, జత లేకుండానే గుడ్లు పెడతాయి. పూలకుండీల మట్టిలో దాక్కుని ప్రపంచమంతా తిరిగొచ్చింది. దాని గుడ్లు మెతుకంత ఉంటాయి. మీ తులసి కోటలో ఇప్పటికే పొదుగుతున్నాయేమో, ఏ హానీ లేదు, వాటి మానాన వాటిని వదిలేయండి.

సరే, గుడ్లు నాగుపామువే అని తేలింది. అధికారులు సరేనన్నారు. ఇక్కడ ఊళ్ళో ఆడవాళ్ళకు తెలిసిన విద్య ఒకటి అడ్డం వస్తుంది. కోడిని పొదగేసిన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, కోడి రోజూ ముక్కుతో గుడ్లను తిప్పుకుంటుందని. తిప్పకపోతే పిల్ల పెంకుకు అంటుకుపోతుంది. పాము గుడ్డు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. కోడిగుడ్డులో సొనను మధ్యలో నిలబెట్టే తెల్లటి తాళ్ళు రెండుంటాయి. పాము గుడ్డులో అవి లేవు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పైభాగాన పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును బోర్లిస్తే సొన బరువు కింద నలిగిపోయి పిండం చచ్చిపోతుంది. అందుకే మట్టిలోంచి తీసే ముందే, ఉన్నది ఉన్నట్టుగా, ప్రతి గుడ్డు నెత్తిన మెత్తటి పెన్సిలుతో చిన్న గీత గీయాలి. ఆ గీత చివరి రోజు దాకా ఆకాశం వైపే ఉండాలి. అతుక్కున్న గుడ్లను విడదీయకూడదు. గుత్తిని గుత్తిగానే ఎత్తాలి. బండి మీద ఒళ్ళో పెట్టుకుని గతుకుల్లో పోవద్దు. కింద తడి ఇసుకో మట్టో వేసిన బకెట్‌లో కదలకుండా దింపి, నెమ్మదిగా తీసుకెళ్ళాలి.

కోడితో వచ్చే ఇంకో ప్రమాదం వేడి. కొందరు కోళ్ళ ఇంకుబేటరు ఉంది కదా, అందులో పెడదాం అంటారు. కోడిగుడ్డుకు కావలసింది 37.5 డిగ్రీలు. ఆ వేడిలో నాగుపాము గుడ్డు ఉడకకపోయినా బతకదు. దానికి 28 నుంచి 30 డిగ్రీలు చాలు. 34, 35 దాటి నిలకడగా ఉంటే వెన్ను వంకర్లు పోయిన పిల్లలు పుడతాయి, లేదా అసలు పుట్టవు. మొసలికీ తాబేలుకూ వేడిని బట్టి ఆడా మగా తేలుతుంది గానీ పాములకు ఆ పట్టింపు లేదు, అది గుడ్డు కట్టినప్పుడే నిర్ణయమైపోతుంది. కాబట్టి వేడి విషయంలో మన లక్ష్యం ఒకటే, పిండం చావకూడదు.

విదేశాల్లో వాళ్ళు రాసుకునే పద్ధతులన్నీ చలి నుంచి కాపాడుకోవడానికే. హీటింగు కేబుళ్ళు, థర్మోస్టాట్లు, గాజు తలుపుల పెట్టెలు. బళ్ళారి మే నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో, ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటిస్తే గుడ్లన్నీ పాడైపోతాయి. మనకు కావలసింది వేడి చేసే యంత్రం కాదు, వేడి తగలని మూల. ఇంట్లో పడమటి గోడ వైపు కాకుండా, రేకుల కప్పు కింద కాకుండా, మిద్దె ఇంటి నేల మీద ఉత్తరపు గది ఏదో చూసుకోవాలి.

పుట్ట ఎందుకు పనికొస్తుందో చూస్తే మిగతాదంతా అదే తెలుస్తుంది. చెదలు కట్టిన పుట్ట పైన ఎండకు కాలుతున్నా, లోపలి అరల్లో వేడి పెద్దగా పెరగదు, తగ్గదు. మందంగా ఉన్న మట్టి పగటి వేడిని లోపలికి రానివ్వదు, రాత్రి చలినీ రానివ్వదు. చెమ్మ కూడా నిలకడగా ఉంటుంది. పాము గుడ్డుకు కావలసినవి ఇవే. కార్తీకంలో నాగుల చవితికి మనం పుట్ట దగ్గరికి వెళ్ళి పాలూ కోడిగుడ్లూ వేసి వస్తాం. అప్పటికి ఆ ఏటి పిల్లలు బయటికొచ్చి నెలలు దాటి ఉంటుంది. పుట్టలో పాలు పోస్తే లోపల తడిసి బురదయ్యేది పాము ఇల్లే. మొక్కుకోండి, వద్దనను, కాస్త దూరం నుంచి మొక్కుకోండి.

ఇక పెట్టె. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి. పక్కల నాలుగైదు సన్నటి రంధ్రాలు. అందులో నాలుగు వేళ్ళ మందాన వర్మిక్యులైట్. నర్సరీల్లో సంచుల్లో దొరికే తేలికపాటి గుల్ల ఖనిజం అది. తూకానికి తూకం నీళ్ళు కలపాలి. అది దొరక్కపోతే శుభ్రమైన కొబ్బరిపొట్టు తడిపి వాడొచ్చు. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే చేతికి చెమ్మ తగలాలి, చుక్క రాలకూడదు. చుక్క రాలితే నీళ్ళెక్కువ. గుడ్లు సగం దాకా మునిగేట్టు గుంటలు చేసి, పెన్సిలు గీతలు పైకుండేలా అమర్చాలి. ఈ డబ్బాను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, పక్కన నీళ్ళు నింపిన రెండు సీసాలు పెడితే గది వేడి ఒక్కసారిగా మారినా లోపల అంత తొందరగా మారదు. కరెంటు పోయినా గాబరా అక్కర్లేదు. థర్మామీటరు గుడ్ల మట్టంలోనే ఉండాలి, మూతకు వేలాడదీసిన థర్మామీటరు అబద్ధం చెబుతుంది. ఆగకుండా ఎండలు మండే వారంలో సీసాల్లో నీళ్ళు మార్చి చల్లటివి పోయాలి. ఐసు మాత్రం వద్దు. చీమలు పట్టకుండా పెట్టెను పాలగిన్నె లాగా నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాలి. గుడ్డుకు చిన్న చిల్లు పడిందని చీమకు తెలిస్తే లోపలి పిల్ల బతకదు.

చట్టప్రకారం విదేశీ పాములు పెంచుకునేవాళ్ళు హైదరాబాదులో, బెంగళూరులో కొందరున్నారు. ఎక్కువగా బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ. నిజం చెప్పాలంటే బోనులో పామును పెంచుకునే సరదా నాకు అర్థం కాదు. అయినా ఉన్నవాళ్ళకు చెప్పాల్సింది చెప్పాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవాలను పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, గుడ్లు పొదిగి పిల్లలొస్తే ఆ సంగతీ తెలపాలి. బాల్ పైథాన్ పెట్టేది తక్కువ, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది. వాటికి కావలసింది నాగుపాము కంటే కాస్త ఎక్కువ వేడి, 31, 32 డిగ్రీలు. రెండు నెలలకు అటూ ఇటూగా పొదుగుతాయి. వీటి దగ్గర థర్మోస్టాట్ తప్పదు. గుడ్లు పెట్టకముందే ఒక వారం ఖాళీ పెట్టెను నడిపించి, వేడి నిలుస్తుందో లేదో చూసుకోవడం మంచి పద్ధతి. ఆ పాము పిల్లల్ని ఎట్టి పరిస్థితిలోనూ బయట వదలకూడదు.

కొండచిలువ మాట వచ్చింది గనక ఒక పాత తగాదా చెబుతాను. 1830లలో లామార్ పికో అనే ఫ్రెంచి యాత్రికుడు మన దేశం నుంచి తిరిగి వెళ్ళి, ఆడ కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకుని కోడి లాగే వేడి ఇస్తుందని పారిస్ పండితుల ముందు చెప్పాడు. చల్లటి నెత్తురు జీవి వేడెలా ఇస్తుందని వాళ్ళు కొట్టిపారేశారు. 1841లో పారిస్ జంతుశాలలో ఒక కొండచిలువ గుడ్లు పెట్టి చుట్టుకుంది. వలాంసియెన్ అనే శాస్త్రజ్ఞుడు థర్మామీటరు పెట్టి చూస్తే, యాత్రికుడి మాటే నిజమని తేలింది. 1966లో అచ్చయిన న్యూయార్కు జూ ప్రయోగం అసలు కీలకం పట్టుకుంది. ఆ తల్లి కండరాలను ఉండుండి జలదరింపజేస్తూ, బయటి గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడి తెచ్చుకోగలదు. అన్ని రోజులూ దానికి తిండి ఉండదు.

గిరినాగు ఇంకో దారి పట్టింది. విశాఖ మన్యంలోనూ తూర్పు కనుమల్లోనూ ఉండే ఈ పెద్ద పాము రాలిన ఆకులను మెలికలతో ఈడ్చి పోగేసి గూడు కడుతుంది. పాముల్లో ఈ పని చేసేది ఇదొక్కటే అని చెప్పొచ్చు. ఆకుల పోగు వానను జారుస్తుంది, లోపలి వేడి నిలుపుతుంది. తూర్పు కనుమల వన్యప్రాణి సంఘం వాళ్ళు అక్కడి ఊళ్ళవాళ్ళతో మాట్లాడి, గూడును ఉన్నచోటే ఉంచి, చుట్టూ వల కట్టి కాపలా కాశారు. పిల్లలు బయటికొచ్చాక అడవిలో వదిలారు. నా దృష్టిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కూరెకుప్పలోనైనా, ఇల్లు కట్టే చోటుకు పది గజాల అవతల పుట్ట ఉంటే, రెండు నెలలు కంచె కట్టి ఆగగలిగితే, పెట్టె ఊసే అక్కర్లేదు. మేస్త్రీ ఒప్పుకోడు, బ్యాంకు వడ్డీ ఆగదు అంటారు. నిజమే. పెట్టె అవసరమయ్యేది అందుకే.

పెట్టెలో పెట్టాక నాగుపాము గుడ్లకు 50 నుంచి 70 రోజులు. ఈ కాలమంతా మూత తీసి తీసి చూడాలనిపిస్తుంది. వారానికొకసారి తీస్తే చాలు, ఆ మాత్రం గాలి సరిపోతుంది. నీళ్ళు గుడ్ల మీద చల్లకూడదు. డబ్బా అంచున పోయాలి. బాగున్న గుడ్డు చెమ్మ పీల్చుకుని రోజురోజుకూ లావెక్కుతుంది. నడిమధ్య రోజుల్లో సొట్ట పడితే చెమ్మ తక్కువైందని అర్థం. ఆఖరి వారంలో సొట్ట పడితే కంగారు అక్కర్లేదు, అది మామూలే. రాత్రి చీకట్లో చిన్న టార్చి గుడ్డుకు ఆనించి చూస్తే, బతికున్న గుడ్డులో ఎర్రటి నరాలు వేర్లలా కనిపిస్తాయి. పసుపుపచ్చగా వట్టి వెలుగే కనిపిస్తే అందులో పిల్ల లేదు. కదిలించకుండా, ఉన్నచోటే ఆనించి చూడాలి సుమా. ఒక గుడ్డుకు బూజు పట్టిందని గుత్తిలోంచి పీకొద్దు. పక్కన ఉన్న మంచి గుడ్డు సాధారణంగా ఆ బూజును తట్టుకుంటుంది, పీకేటప్పుడు పడే చిరుగును తట్టుకోలేదు.

ఒక ఉదయం గుడ్డు మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. పిల్ల పై పెదవి దగ్గర చిన్న పన్ను ఉంటుంది, దాంతో లోపల్నుంచి కోస్తుంది. కోత లోంచి ముక్కు బయట పెట్టి ఊపిరి తీసుకుంటుంది, మనిషి అలికిడి వింటే మళ్ళీ లోపలికి పోతుంది. ఇలా ఒక రోజు, ఒకటిన్నర రోజు, ఒక్కోసారి రెండు రోజులు. ఈ జాగులో అది మిగిలిన సొనను పొట్టలోకి పీల్చుకుంటోంది. కత్తెర పట్టుకుని సాయం చేద్దామని పెంకు చీల్చినవాళ్ళు సొన బయట వేలాడుతున్న పిల్లను చేతికి తెచ్చుకుంటారు. అది బతకదు.

బయటికొచ్చిన నాగుపాము పిల్ల జానెడు పొడవో, కాస్త ఎక్కువో ఉంటుంది. పెంకులో సగం ఒళ్ళు ఉండగానే పడగ విప్పగలదు. విషం మొదటి రోజు నుంచే ఉంటుంది. పిల్లే కదా అని అరచేతిలో పెట్టుకుని వీడియో తీసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఈ పని ఇంట్లో చేసేవాళ్ళు పొడవాటి హుక్కు, లోతైన డబ్బా, తలుపు సందులో గుడ్డ ముందే సిద్ధం చేసుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో చేయకూడదు. కాటు పడితే మంత్రగాడూ వద్దు, బ్లేడూ వద్దు, తాడూ వద్దు. 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి పోవాలి.

పిల్లలు వారం పది రోజుల దాకా, మొదటి కుబుసం విడిచేదాకా, తిండి అడగవు. అందాకా ఆగనక్కర్లేదు. బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే, అటవీశాఖ మనిషి సమక్షంలో, గుడ్లు దొరికిన చోటుకు దగ్గర్లోనే, ఇళ్ళకు ఎడంగా, రాళ్ళూ పొదలూ బొరియలూ ఉన్న చోట, చీకటి పడే వేళ వదలాలి. అన్నిటినీ ఒకే బొరియ దగ్గర కుమ్మరించకుండా కొంచెం కొంచెం దూరంగా వదలాలి. ఎన్ని గుడ్లు తీశారు, ఎన్ని పిల్లలు వచ్చాయి, ఎక్కడ వదిలారు అన్నది రాసి వాళ్ళకివ్వాలి. మిగిలిపోయిన గుడ్లను తొందరపడి పారేయకండి. తోటి గుడ్లు పొదిగిన తర్వాత ఇంకో పది రోజులు అలాగే పెట్టెలో ఉంచండి. ఒకటో రెండో ఆలస్యంగా వస్తుంటాయి. అప్పటికీ రాకపోతే, టార్చికి నరాలు కనిపించకపోతే, గుంట తీసి పూడ్చేసి, డబ్బాను బ్లీచింగు నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి.